నాలుగేళ్లు నిండిన పాపకు ఈత నేర్పించాలి: ఏ శిక్షణ ఎంచుకోవాలి?

ప్రశ్న (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మేము నల్లగొండ పట్టణంలో ఉంటున్నాము. మా పాపకు నాలుగేళ్లు నిండి ఐదో ఏడు నడుస్తోంది. మా అత్తగారి ఊరు ఏఎమ్మార్పీ సాగునీటి కాలువ పక్కనే ఉంటుంది. సెలవులు వచ్చాయంటే పాప నాయనమ్మ దగ్గరికి పోతానని పట్టుబడుతుంది. అక్కడ ఇంటి ఆవరణలో సంపు, ఊరి చివర కాలువ, పొలం దగ్గర చుట్టుగోడ లేని పాత బావి ఉన్నాయి. నీళ్లు ఇంత దగ్గరగా ఉన్న చోట తిరిగే బిడ్డకు ఈత రాకపోతే ఎట్లా అన్న దిగులు నాకు చాలాకాలంగా ఉంది కాబట్టి, ఈ వేసవిలో తప్పకుండా నేర్పించాలని నిర్ణయించుకున్నాము.

మా ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఇంటికి దగ్గరలో ఉన్న ఈత కొలనులో జరిగే వేసవి శిబిరం. మూడు వారాల్లో ఈత గ్యారంటీ అని గోడల మీద రాయించారు. ఫీజు తక్కువే కానీ బ్యాచ్ పెద్దది, మహిళా కోచ్ లేరు. రెండోది ఊరి బయట ఉంది. ఏడాది పొడవునా నడుస్తుంది, తక్కువ మంది పిల్లలను తీసుకుంటారు, ఒక మేడం కూడా నేర్పుతారు. ఫీజు మాత్రం దాదాపు రెట్టింపు, పైగా చిన్నపిల్లలకు శని, ఆదివారాల్లోనే క్లాసులు. మూడోది మా తమ్ముడి మాట. "పైసలెందుకు అక్కా, బెండ్లు కట్టి నేనే బావిలో దింపుత, వారంలో వచ్చేస్తది" అంటున్నాడు. వాడూ, మా నాన్నా అట్లాగే నేర్చుకున్నారు.

ఈ వయసు సరైనదేనా? శిక్షణ మంచిదో కాదో బయటివాళ్లం ఎలా గుర్తుపట్టాలి? మా అత్తమ్మకు ఇంకొక భయం ఉంది: కొలనులో నింపేది బోరు నీళ్లు, మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, పాప మింగితే పళ్లు పాడవుతాయేమోనని ఆమె బాధ. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1 (మహబూబ్‌నగర్, ఈత శిక్షకుడు)

అమ్మా, ఈ ప్రశ్నలు ఫీజు కట్టకముందే అడుగుతున్నందుకు సంతోషం. నేను చిన్నపిల్లలకు ఈత నేర్పుతుంటాను కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను.

ముందుగా వయసు. ఏడాది దాటిన పిల్లలకు ఈత శిక్షణ మొదలుపెట్టవచ్చని, నాలుగేళ్లు వచ్చేసరికి ఎక్కువ మంది పిల్లలు క్లాసులో నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటారని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 నాటి సూచనల్లో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఈత, నీటి భద్రత శిక్షణను ఆరేళ్లు, ఆపై వయసు పిల్లలకు సిఫారసు చేసి, అంతకన్నా చిన్నవారి విషయంలో పెద్దల కాపలానే ముఖ్యమంటుంది. రెండింటినీ కలిపి చూస్తే నాకు అర్థమైనది ఇది: మీ పాపను నిస్సంకోచంగా చేర్పించవచ్చు, కానీ నేర్చుకున్నది కదా అని పెద్దలు కన్ను పక్కకు తిప్పే వయసు ఇంకా రాలేదు. ఎంత మంచి శిక్షణ అయినా ఈ వయసు బిడ్డను నీటి ప్రమాదానికి అతీతురాలిని చేయదు. అలా చేస్తామని ఎవరైనా అంటే అక్కడ చేర్పించవద్దు.

రెండు కొలనుల్లోనూ ఒక్కొక్క క్లాసు మొదటి నుంచి చివరి వరకు గట్టు మీద కూర్చుని చూడండి. చూడనివ్వకపోతే ఆ చోటు సంగతి అక్కడికే తేలిపోయినట్టు. మీరు గమనించవలసింది కోచ్ చేతిలో ఉన్న బిడ్డను కాదు, వంతు కోసం ఎదురుచూస్తున్న మిగతా పిల్లలను. ఒకరికి నేర్పుతున్నంత సేపు కోచ్ దృష్టి ఆ ఒక్కరి మీదే ఉంటుంది కాబట్టి మిగతావారు ఎక్కడున్నారు, గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారా, కడ్డీ పట్టుకుని వరుసగా నిలబడ్డారా, లేక నీళ్లలో ఒకరినొకరు తోసుకుంటున్నారా అన్నది చూస్తే ఆ శిక్షణ తీరు మొత్తం తెలిసిపోతుంది. నాలుగైదేళ్ల పిల్లలైతే ఒక కోచ్‌కు నలుగురు, మహా అయితే ఆరుగురు ఉండాలి. వీరితో పాటు, నేర్పే పని పెట్టుకోకుండా నీళ్ల మీదే కన్ను వేసి ఉంచే లైఫ్ గార్డ్ ఒకరు వేరుగా ఉండి తీరాలి. మునిగిపోయే బిడ్డ అరవదు. నోరు నీటి అంచుకు వచ్చి పోతుంటుంది, ఊపిరి తీసుకోవడానికే శక్తి చాలదు, చేయి ఎత్తి పిలవడం కుదరదు. పక్కనే నిలబడ్డవారికి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది, ఒక నిమిషం లోపే అంతా అయిపోవచ్చు.

ఇక ఏం నేర్పుతున్నారన్నది. మూడు వారాల్లో ఫ్రీస్టైల్ అని ఆశపెట్టే చోట నాకు నమ్మకం ఉండదు. చేయి, కాలు, శ్వాస మూడూ ఒకదానితో ఒకటి కుదరడం చాలామంది పిల్లలకు ఐదారేళ్లు దాటాకే పట్టుబడుతుంది. మీ పాప మొదట నేర్చుకోవలసింది నీళ్లలో ముఖం పెట్టి బుడగలు వదలడం, వెల్లకిలా తేలడం, నీళ్లలో పడ్డాక వెనక్కి తిరిగి గోడ అందుకోవడం, మోచేతుల మీద బరువు మోపి తనంతట తాను గట్టెక్కడం. అమెరికన్ రెడ్ క్రాస్ నీటి సామర్థ్యానికి చెప్పే కొలత కూడా ఇట్లాంటిదే: తల మునిగే నీళ్లలోకి దూకి పైకి రావడం, ఒక నిమిషం పాటు తేలి ఉండడం, చుట్టూ తిరిగి బయటకు దారి ఎటుందో చూసుకోవడం, దాదాపు 23 మీటర్లు ఈది ఆ చోటికి చేరడం, నిచ్చెన లేకుండా పైకెక్కడం. ఇదంతా ఈ వేసవిలోనే అయిపోవాలని కాదు. ఆ దారిలో నడిపిస్తున్నారా లేదా అన్నదే చూడవలసింది.

నీళ్ల శుభ్రత గురించి కూడా అడగండి. గట్టు మీద నిలబడితే లోతు వైపున అడుగున ఉన్న టైల్సు గీతలు స్పష్టంగా కనబడాలి. నీళ్లు మసకగా ఉంటే అడుగున పడ్డ బిడ్డ కూడా కనబడదు. ప్రతి కొలను దగ్గరా రెండు చిన్న గాజు గొట్టాలున్న పరీక్ష పెట్టె ఉంటుంది. ఒకదానిలో చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరిగి క్లోరిన్ ఎంతుందో చెబుతాయి, రెండోదానిలో ఎరుపు ఛాయను బట్టి పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం తెలుస్తుంది. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే మంచిది. ఈ రోజు ఎంత వచ్చిందో చూపించమంటే సరిగా నడిపేవారు వెంటనే చూపిస్తారు. క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే నీళ్లు బాగా శుభ్రంగా ఉన్నాయని చాలామంది అనుకుంటారు కానీ, చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడే ఆ ఘాటు పుడుతుంది. అడుగున నీళ్లు బయటకు పోయే చోట జాలీ మూత గట్టిగా బిగించి ఉండాలి. అది ఊడిపోయి ఉంటే ఆ లాగుడుకు ఆడపిల్లల జడలు చిక్కుకునే ప్రమాదం ఉంది.

కోచ్ అర్హత అడగడానికి మొహమాటపడవద్దు. పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థలో డిప్లొమా గానీ, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు గానీ చేసినవారు ఉంటారు. లైఫ్ గార్డులకు రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ శిక్షణ ఇస్తుంది. కాగితం ఒక్కటే చాలదు కానీ, గుండె మీద నొక్కి శ్వాస అందించడం తెలియని మనిషి చేతిలో చిన్నపిల్లలను పెట్టకూడదు.

మీరు చెప్పిన వివరాలను బట్టి నేనైతే రెండోదానికే ఓటు వేస్తాను. వారానికి రెండు రోజులే అన్నది చిన్న లోటు. ఈ వయసు పిల్లలు ఐదు రోజుల విరామంలో కొంత మరచిపోతారు కాబట్టి, సెలవుల్లోనైనా మధ్యలో ఒక రోజు కలపమని అడిగి చూడండి. ఒక్కో క్లాసు అరగంట చాలు. పెదవులు నీలంగా మారి వణుకుతున్న బిడ్డకు ఆ తర్వాత ఏదీ తలకెక్కదు.

జవాబు 2 (మిర్యాలగూడ, ఇద్దరు పిల్లల తల్లి)

అక్కా, కోచ్ గారు చెప్పినవన్నీ నిజమే. ఆడపిల్ల తల్లిగా మరికొన్ని చేరుస్తాను.

మొదట మేము వెళ్లిన ఒక చోట, భయం పోవాలంటూ పిల్లలను ఎత్తి నీళ్లలోకి విసిరేవారు. ఏడ్చేవారిని చూసి తక్కిన పిల్లలు గట్టు మీదే బిగుసుకుపోయేవారు. ఆ పద్ధతి చూసి మేము అక్కడ చేర్పించలేదు. తర్వాత చేర్పించిన చోట మేడం మా పాపను మెట్టు మీద కూర్చోబెట్టి, చేతికి ఒక ప్లాస్టిక్ మగ్గు ఇచ్చి, ముందు తన తల మీద పోయించుకుని, తర్వాత పాప తల మీద తానే పోసుకునేలా చేశారు. పాప నవ్వే వరకు ఆ మెట్టు దిగనివ్వలేదు. తొందరపెట్టని అటువంటి మనిషి దొరికితే ఫీజు ఎక్కువైనా ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. భయంతో నేర్చుకున్న బిడ్డ నీళ్లు ముఖం మీద పడగానే నేర్చుకున్నదంతా మరిచి పెనుగులాడుతుంది.

మహిళా కోచ్ ఉండడం మంచిదే కానీ, అంతకన్నా ముఖ్యమైనది పాఠం అందరి కళ్ల ముందు జరగడం. తల్లిదండ్రులను లోపలికి రానివ్వని చోట చేర్పించవద్దు. బట్టలు మార్చడం, స్నానం చేయించడం మీరే చూసుకోండి. ఈత నేర్పేటప్పుడు కోచ్ వీపు కింద, పొట్ట కింద చేయి పెట్టి పట్టుకుంటారని పాపకు ముందే చెప్పండి. ఇబ్బందిగా అనిపించేలా ఎవరు ముట్టుకున్నా వెంటనే అమ్మకు చెప్పాలని కూడా అదే రోజు నేర్పండి.

పెద్దవాళ్లకు బట్టల విషయంలో అభ్యంతరం ఉంటే, మోకాళ్లు, మోచేతులు కప్పే నైలాన్ ఈత దుస్తులు దొరుకుతున్నాయి. నూలు బట్టలు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి కాబట్టి కొలనులో వాటిని వద్దంటారు. ఇంకొక చిన్న సంగతి: క్లాసుకు ముందు తలకు నూనె పెట్టవద్దు, టోపీ జారిపోతుంది, నీళ్లూ పాడవుతాయి.

జవాబు 3 (నాగర్‌కర్నూల్, పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు)

మీ అత్తమ్మ గారి భయం అర్థం చేసుకోదగినదే. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల కాళ్లు వంకరపోయినవారిని చూసిన తరానికి ఆ భయం ఉండకపోతేనే ఆశ్చర్యం. అయితే ఫ్లోరోసిస్ వచ్చేది అటువంటి నీళ్లను ఏళ్ల తరబడి తాగడం, వాటితోనే వండుకోవడం వల్ల. ఒంటికి తగిలినంత మాత్రాన రాదు. క్లాసులో పొరపాటున ఒకటి రెండు గుక్కలు మింగితే పళ్లకు మచ్చలు పడవు. కాకపోతే ఎనిమిదేళ్ల లోపు శాశ్వత దంతాలు లోపల తయారవుతూ ఉంటాయి కాబట్టి, దాహం వేసినప్పుడు అక్కడి బోరు నల్లా నీళ్లు తాగకుండా ఇంటి నుంచే సీసా తీసుకెళ్లండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఊళ్లో పాప తాగేది మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లా, బోరు నీళ్లా అన్నది కొలను నీళ్లకన్నా ఎక్కువగా పట్టించుకోవలసిన విషయం.

కొలను నీళ్లతో నిజంగా వచ్చే బాధ విరేచనాలు. క్లోరిన్ సరిగా లేకపోతే ఒక బిడ్డ నుంచి పది మందికి అంటుకుంటాయి. పాపకు విరేచనాలు అవుతుంటే ఆ రోజుల్లో పంపవద్దు. చెవి నొప్పి, చెవి కారడం ఉన్నా పంపవద్దు. బయటకు రాగానే తల అటూ ఇటూ వంచి చెవి అంచు వరకే తువ్వాలుతో తుడవాలి, లోపల పుల్లలు పెట్టకూడదు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న పిల్లలైతే డాక్టర్‌ను అడగకుండా నీళ్లలో దింపకూడదు, ఆ సంగతి కోచ్‌కు దాచకూడదు.

ఇప్పుడు రాసేది ఇంట్లో పెద్దలందరికీ చదివి వినిపించండి. నీళ్లలో పడ్డ బిడ్డను బయటకు తీశాక కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని పరుగెత్తడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇప్పటికీ జరుగుతోంది. వాటి వల్ల విలువైన నిమిషాలు పోతాయి, పొట్టలోనిది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నీట మునిగిన బిడ్డకు కావలసింది గాలి. శ్వాస లేకపోతే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటి ద్వారా ముందు శ్వాస ఇవ్వాలి. ఆ తర్వాత రొమ్ము మధ్యలో సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా 30 సార్లు నొక్కడం, 2 శ్వాసలు ఇవ్వడం ఆపకుండా కొనసాగించాలి. ఇంకొకరు 108కు ఫోన్ చేయాలి. బిడ్డ తేరుకుని మాట్లాడినా ఆసుపత్రికి తప్పక తీసుకురండి, ఎందుకంటే ఊపిరి ఇబ్బంది కొన్ని గంటల తర్వాత ముదరవచ్చు.

జవాబు 4 (వనపర్తి, రైతు)

అమ్మా, మీ తమ్ముణ్ణి తప్పుపట్టలేను. మా తరమంతా ఎండిన సొరకాయ బుర్రలు, బెండ్లు నడుముకు కట్టుకుని బావుల్లోనే నేర్చుకున్నాము. కానీ అప్పటి బావులు వేరు. మెట్లు ఉండేవి, గట్టు మీద పదిమంది పెద్దలు ఉండేవారు, నీళ్లు పైదాకా ఉండేవి. ఇప్పుడు వేసవి వచ్చేసరికి నీళ్లు అడుగుకు పోయి, బిడ్డను పైకి తీయడమే గగనమవుతుంది. అడుగున పాత పైపులు, రాళ్లు, కంప ఏముందో ఎవరికీ తెలియదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కరెంటు. మోటారు వైరు ఎక్కడైనా తెగి నీళ్లకు తగిలితే ఎంత ఈత వచ్చినవాడికైనా గండమే. బావిలో ఎవరు దిగినా స్టార్టర్ దగ్గర ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే దిగాలి. నాలుగేళ్ల పసిబిడ్డకు బావి వద్దే వద్దు.

అయితే కోచ్ గారితో ఒక మాట. కొలనులో నేర్చుకున్న పిల్లలు బావిలోనో చెరువులోనో దిగితే బెదిరిపోతారు. కొలనులో నీళ్లు తేటగా ఉంటాయి, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది, నాలుగు బారలు వేస్తే గోడ వస్తుంది. బావి నీళ్లు చీకటిగా, చల్లగా ఉంటాయి. కాలువ సంగతి చెప్పనే అక్కర్లేదు. సిమెంటు లైనింగు మీద నాచు పట్టి ఉంటుంది, ఎంత ఎక్కినా కాలు జారుతుంది, నీటి వేగం మనిషిని నిలవనివ్వదు. కొలను ఈత వచ్చిన బిడ్డకు కాలువ ఈత రాదని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఎవరైనా పడితే ఈత రానివారు వెంట దూకకుండా తాడో, చీరో, పొడుగు కర్రో అందించాలి. మన దగ్గర ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు (నల్లగొండ)

అందరికీ కృతజ్ఞతలు. నర్సు గారి మాటలు అత్తమ్మకు ఫోన్లో చదివి వినిపించాను, ఫ్లోరైడ్ విషయంలో ఆమె మనసు కుదుటపడింది. తమ్ముడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కానీ, స్టార్టర్ సంగతి విన్నాక బావి మాట ఎత్తడం లేదు. రెండో కొలనులో ఈ శనివారం క్లాసు చూడటానికి వెళ్తున్నాము. ఒక్క సందేహం మిగిలింది. చేతులకు తొడిగే గాలి ఊదిన బ్యాండ్లు కొన్నాము. ఊళ్లో ఉన్నప్పుడు అవి వేసి తొట్టిలో ఆడించవచ్చా?

జవాబు 1 రాసినవారు (మహబూబ్‌నగర్)

అమ్మా, వాటిని ఆటబొమ్మలుగానే చూడండి. జారిపోతాయి, చిల్లు పడతాయి. అంతకన్నా ముఖ్యంగా, అవి బిడ్డను నీళ్లలో నిలువుగా నిలబెడతాయి, అది తేలే భంగిమ కాదు. వాటికి అలవాటుపడిన పిల్లలు అవి లేకపోయినా నీళ్లు తమను మోస్తాయనుకుని దిగుతారు. తొట్టిలో ఆడినంత సేపు మీ చేయి పాపకు అందేంత దూరంలోనే ఉండాలి, ఫోన్ పక్కన పెట్టాలి, ఆట అయ్యాక నీళ్లు పారబోయాలి. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కినప్పుడు మాత్రం ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ అడిగి, పట్టీలన్నీ బిగించి వేయండి.

వనపర్తి పెద్దాయన చెప్పినది పూర్తిగా నిజం. అందుకే నేను నేర్పే పిల్లలకు కోర్సు చివర్లో ఒక రోజు రోజువారీ బట్టలతో, గాగుల్స్ లేకుండా నీళ్లలో దింపి, వెల్లకిలా తేలి గట్టు చేరడం సాధన చేయిస్తాను. మీరూ ఆ మేడంను అది అడగండి. అడ్డంకి చెప్పకపోవచ్చు. ఊళ్లో సంపు మూతకు మాత్రం ఈ శనివారం దాకా ఆగకుండా రేపే గొళ్లెం, తాళం వేయించండి. బావి చుట్టూ గోడ కట్టే వరకు ముళ్లకంపైనా వేయించండి. బట్టలతో దింపే రోజున పాపకు ఒక జత పొడి బట్టలు, పెద్ద తువ్వాలు ఎక్కువగా తీసుకెళ్లండి.